పక్క రంధ్రంలో తీగ

తైనాన్ ఊరి చివరి సమాజ భవనంలో లాయ్ మాస్టారు తొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతున్నారు. రేడియోలు బాగుచేసి చేసి జుట్టు నెరిసిన మనిషి. తీగలంటే ప్రాణం. ప్రోగ్రాం రాయడం మాత్రం ఆయనా పుస్తకం చూసే నేర్చుకున్నారు, పిల్లల కంటే ఒక్క పాఠం ముందు. అది బయటపడకుండా గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది.

శిష్యుల్లో పెయ్‌యున్ చురుకైనది. వాళ్లకు పాలచేపల చెరువులున్నాయి. నీళ్లలో గాలి కలిపే చక్రం ఆగిపోతే చేపలన్నీ చచ్చి తేలతాయి. అందుకని చక్రం ఆగగానే మోగే పరికరం తయారుచేసింది, ప్రోగ్రాం అంతా తనే రాసుకుని. విద్యార్థుల పరికరాల పోటీలో బహుమతి వస్తే సాంకేతిక కళాశాలలో సీటు ఖాయం.

పోటీ రోజు మీట నొక్కితే పరికరం కిక్కురుమనలేదు.

ఆ ప్రాంతంలో ఏ యంత్రం పక్కనైనా మొక్కజొన్న చిరుతిండి పొట్లం ఒకటి పెడతారు, ఆకుపచ్చదే. అది ఉంటే యంత్రం బుద్ధిగా ఉంటుందట. మాస్టారు ఆ పొట్లం తిప్పి చూశారు.

"గడువు దాటి రెండు నెలలైంది కదే! పాసిపోయింది పెడితే యంత్రానికి ఒళ్లు మండదా? ఇంత నిర్లక్ష్యమా?"

హాలంతా గొల్లుమంది. పెయ్‌యున్ పరికరం వైపు ఒకసారి చూసి, "తప్పయింది మాస్టారూ" అని తల వంచుకుంది. న్యాయనిర్ణేతలు పక్క బల్లకు వెళ్లిపోయారు.

మర్నాడు ఆయన పరికరాన్ని తీరిగ్గా చూస్తే, గంటకు వెళ్లాల్సిన తీగ పక్క రంధ్రంలో ఉంది. పోటీకి ముందు ఆ పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్తే, చిందరవందరగా ఉన్నాయని తీగలు సర్దింది తనే. సర్దాల్సిన పనే లేదు. అంతా ఆమె తెలివే అయిన చోట కనీసం ఒక్క తీగైనా తన చేతిమీదుగా పోవాలన్న దుగ్ధ, అంతే.

పెయ్‌యున్ మళ్లీ క్లాసుకు రాలేదు. మూడో వారం ఆయన స్కూటరేసుకుని చెరువుల దగ్గరకు వెళ్లారు.

"ఆ తీగ తప్పు నాదేనమ్మా," అన్నారు గట్టు మీద నిలబడి.

పెయ్‌యున్ మేత చల్లడం ఆపలేదు. "తెలుసు మాస్టారూ. సర్దిన తీగలు ఆ రోజే చూశాను."

"మరి చెప్పలేదేం? ఇంకోసారి చూడమంటే న్యాయనిర్ణేతలు చూసేవాళ్లుగా!"

"అడగాలంటే, మాస్టార్లు ముట్టకూడని పోటీ సామాను మీద మీ చెయ్యి పడిందని చెప్పాలిగా. అంతమందిలో మీరు మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

మాస్టారికి తల కొట్టేసినట్లయింది. నలుగురిలో ఆ పిల్లను తిట్టిన మనిషి, తప్పు ఒప్పుకోవడానికి మాత్రం చేపలు తప్ప ఎవరూ వినని చోటు చూసుకుని వచ్చాడు.

"శనివారం రామ్మా. అందరి ముందూ చెబుతాను."

"శనివారాలు కుదరదు మాస్టారూ," అంది పెయ్‌యున్. ఆ గొంతులో కోపమైనా లేదు. "జుట్టు కత్తిరించడం నేర్చుకుంటున్నా. అక్కడైతే తప్పు ఎవరు చేసినా జుట్టు మళ్లీ పెరుగుతుంది."