ఫాదరుగారి తప్పులు దిద్దాను

పెళ్ళయిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఇంటిపేరు మారి అప్పటికి రెండు నెలలు. కొత్త సంతకం సాధన చేస్తూ దొరికిన కాగితమల్లా నింపేదాన్ని. అంతటి జ్ఞానంతో పెడన నుంచి రోజూ బందరు వెళ్ళి ఒక చిన్న ఆఫీసులో టైపు ఉద్యోగం చేసేదాన్ని. కెనడాలో ఫ్రెంచివాళ్ళ చర్చిల పాత పుస్తకాలు ఫోటోలుగా వచ్చేవి. పెళ్ళిళ్ళు, జ్ఞానస్నానాల రాతలు. వాటిలోని పేర్లు మేం కంప్యూటర్లోకి ఎక్కిస్తే అక్కడివాళ్ళు తమ వంశం వెతుక్కుంటారట. మా సారు (వెనకాల మేం పెట్టిన పేరు చాదస్తం సారు) మొదటి రోజే చెప్పారు. "ఉన్నది ఉన్నట్టు కొట్టండమ్మా. మన తెలివి వాడొద్దు."

వాడకుండా ఎలా ఉంటాను? మొగుడిదో ఇంటిపేరు, పెళ్ళాందో ఇంటిపేరు! నలుగురు పిల్లలు పుట్టి, నాలుగోవాడికి జ్ఞానస్నానం చేయిస్తున్న రోజున కూడా ఆవిడకి పుట్టింటి పేరే. పాపం, ఆ ఫాదరుగారు పెద్దాయన అయ్యుంటారు, మార్చడం మరిచిపోయారు అనుకున్నాను. చూసినవాళ్ళు ఆ తల్లి గురించి ఏమనుకుంటారు? అందుకని ప్రతి భార్యకీ భర్త ఇంటిపేరు తగిలించాను. పెళ్ళి పుస్తకాల్లో కూడా మార్చేశాను (తాళి కట్టాకే కదా రాస్తారు, అని నా వాదన. వాళ్ళకి తాళి లేదన్న సంగతి నాకు తట్టలేదు). మూడు వారాలు ఈ పుణ్యకార్యం చేసి, ఎవరికీ చెప్పకుండా లోలోపల పొంగిపోయాను.

ఒకరోజు సారు ఒక ఉత్తరం పట్టుకొచ్చారు. ఎనభై దాటిన ఒక కెనడా ఆవిడ, తన నాయనమ్మ వాళ్ళ అమ్మ ఏ ఇంటి ఆడపడుచో ఏళ్ళ తరబడి వెతుకుతున్నారట. కళ్ళు మూసేలోగా తెలుసుకోవాలని ఆశ. తీరా మా జాబితాలో చూస్తే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకే ఇంటివాళ్ళు. "మా వాళ్ళు అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేశారా?" అని అడిగారు.

"ఇదెవరమ్మా కొట్టింది?"

"నేనేనండి. ఫాదరుగారు పొరపాటు రాస్తే దిద్దానండి."

"ఆయన పొరపాటు కాదమ్మా. అక్కడి పుస్తకాల్లో ఆడవాళ్ళకి చచ్చేదాకా పుట్టింటి పేరే. ఎంతమందికి మార్చావు?"

"అందరికీనండి."

ఇంటిపేరు ఒక్కటైతే సంబంధం మాటే ఎత్తని ఇంట్లో పుట్టిన నేను, వందలమందికి సొంత ఇంట్లోనే పెళ్ళిళ్ళు చేసేశాను. సారు కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. "మీ అమ్మమ్మగారి పుట్టింటి పేరేంటమ్మా?" అని మాత్రం అడిగారు. నాకు తెలియదు. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

నెల రోజులు ఆదివారాలు కూడా కూర్చుని ఒక్కొక్కరి పేరూ వెనక్కి మార్చాను. ఆవిడ వెతుకుతున్న పేరు ఫాదరుగారి చక్కటి దస్తూరీలో మొదటినుంచీ అక్కడే ఉంది. ఆ పేరు పంపాక ఆవిడ రాసిన ఉత్తరం సారు అందరిముందూ చదివారు. "మీలో ఎవరో ఓపిగ్గా మా అవ్వ పేరు వెతికిచ్చారు. ఆ అమ్మాయిని నా తరఫున ముద్దు పెట్టుకోండి." అందరూ చప్పట్లు కొట్టారు. సారు నా వైపు చూసి ఉత్తరం మడిచారు. లేచి నిలబడి, ఆ పేరు మాయం చేసింది కూడా నేనే అని చెప్పాలనుకున్నాను. లేచి నిలబడ్డాను గానీ, దణ్ణం పెట్టి కూర్చున్నాను.

ఆవిడ ఈపాటికి ఉండి ఉండరు. రాయాల్సిన క్షమాపణ రాయలేదన్న సిగ్గు ఇప్పటికీ పోలేదు. అయినా అప్పటి ఆ పిల్ల గుర్తొస్తే కోప్పడాలనుకుని నవ్వేస్తాను. సముద్రాల అవతల ఎన్ని వందల కాపురాల పరువు నిలబెట్టానో అనుకుంటూ, సాయంత్రం రైల్లో కిటికీ పక్కన ఎంత గర్వంగా కూర్చునేదో!