ఏడో నెలేనని చెప్పిన నర్సమ్మ

పెద్ద నర్సమ్మ పోయిందని నిన్న చీపురుపల్లి నుంచి కబురొచ్చింది. తొంభై దాటాయట. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు, నా మీద.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో పెద్దాసుపత్రిలో, కాన్పుల వార్డుని ఆనుకుని ఉన్న నెలలు నిండని పిల్లల గది ఆవిడే చూసేది. గదంటే గొప్పగా ఏమీ లేదు. దూది పరిచిన చెక్కపెట్టెలు, పైన వేలాడే బల్బులు, గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ళ సీసాలు. ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్కగా తల్లిపాలు పోసేది. పిల్లల అరికాళ్ళు మాటిమాటికీ తాకి చూసేది. "పాదం సల్లబడితే నాను డాట్రుగారి మాటా ఇనను, ఎవుల మాటా ఇనను" అనేది.

ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అని మా వైపు నమ్మకం. నిలవని బిడ్డకు ఆసుపత్రెందుకని ఇంటికి పట్టుకుపోయేవారు. అందుకే నర్సమ్మ ఎవరడిగినా ఏడో నెలే అనేది. ఆ అబద్ధం పుణ్యమా అని బతికినవాళ్ళు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని ఉంటారు.

నా తొలిచూలు ఆడపిల్ల. ఎనిమిదో నెలలో పుట్టింది. "మీ లెక్క తప్పమ్మా, ఏడో నెల పిల్ల ఇది. గట్టిది" అని మా అత్తకు చెప్పి, నర్సమ్మ నా చెయ్యి నొక్కింది. అత్త నమ్మింది. నాలుగు రోజులు పెట్టె దగ్గర నుంచి కదలకుండా సీసాల్లో నీళ్ళు మార్చింది. పిల్ల పాలు మింగడం మొదలుపెట్టింది.

అయిదో రోజు అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఒసే, ఏడో నెలంటే లెక్క కుదరదు. ఏడు నెల్ల కిందటికే నా కొడుకు కరగ్‌పూర్ రైలు డూటీకి ఎల్లిపోనాడు కదే! మరి ఇది ఎవుల పిల్లే?"

వార్డంతా విన్నది. నేను ఆగలేకపోయాను. "ఎనిమిదే అత్తా! నర్సమ్మ అబద్ధమాడింది!"

అత్తకు అనుమానం పోయింది, ఆశా పోయింది. "ఎనిమిదోదైతే ఇక్కడేటి పని? ఎల్లిపోదాం నడు" అంది. నర్సమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీ కాళ్ళట్టుకుంటాను, రెండు వారాలుంచమ్మా" అని బతిమాలింది. అత్త వినలేదు. నేను నోరెత్తలేదు. బస్సు మా ఊరు చేరకముందే పిల్ల పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అత్తను తిట్టుకుంటూ బతికాను. అది సులువు.

రెండేళ్ళకు మళ్ళీ కానుపుకి వెళితే నర్సమ్మ గుర్తుపట్టింది. నాలుగు చీవాట్లు పెడుతుందనుకున్నాను. "తప్పు నాదేనమ్మా. అబద్ధమాడే ముందు నీ పెనిమిటెక్కడున్నాడో అడగాల్సింది" అంది. దానికన్నా చెంప పగలగొట్టినా బాగుండేది.

ఆ వారమే పక్క మంచం అమ్మాయికి నెలలు నిండకుండా కాన్పయింది. నర్సమ్మ వంగి, ఆమె చెవిలో "మీ ఆయన ఇంటికాడ ఎప్పుడున్నాడు? నిజం సెప్పు" అని అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది విని, గుమ్మంలో నిలబడ్డ ఆమె ముసలి అత్త వైపు తిరిగి "ఏడో నెలేనమ్మా" అంది. ముసలమ్మ పెట్టె పక్కన చతికిలబడి, సీసాను తన పొట్టకు ఆనించుకుని వేడి సరిచూసుకుంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.