వెంకటప్ప చెవిన పడ్డ శబ్దం

ధర్మవరంలో మగ్గాలు బిగించే వెంకటప్పకు ఉన్న జబ్బు ఒక్కటే. చక్కగా నడుస్తున్న వస్తువు కనబడితే విప్పకుండా ఉండలేడు. ముందు తల పక్కకు వాల్చి చెవి ఒగ్గుతాడు. "శబ్దం వస్తాండాదే," అంటాడు. ఇంక ఆ వస్తువు ఆయుష్షు తీరినట్టే.

శివప్ప కూతురి పెళ్లిలో సరిగ్గా ముహూర్తం వేళకు మైకు విప్పి పరిచాడు. "మైకన్నాక శబ్దం రాక ఇంకేమొస్తాదప్పా?" అన్నాడు శివప్ప. "వచ్చే శబ్దం వేరు, రావాల్సిన శబ్దం వేరు." మంత్రాలు ముందు వరుస దాటలేదు.

పక్కింటి సునందకు మాత్రం ఆ సోమవారం ఏ శబ్దం విన్నా గుండె జారిపోతోంది. బెంగళూరు పోయిన భర్త మూడేళ్లుగా ఫోనెత్తడం లేదు. మగ్గం నేసి, కూతురు నందినిని చదివిస్తోంది. ఆ మగ్గం మీద తీసుకున్న అప్పుకు రెండు కంతులు తప్పాయి. పది గంటలకు ట్రాలీ తెచ్చి మగ్గం ఎత్తుకుపోతామన్నారు ఫైనాన్సువాళ్లు. మగ్గం మీది చీర ఇంకా రెండు మూరలు నేయాల్సి ఉంది.

పొద్దున్నే, చీర కొనే షావుకారు దగ్గరికి పరుగెత్తింది.

"చీర కోసుకొని రామ్మా, దుడ్లు చేతిలో పెడతా."

"రెండు మూరలే అన్నా. బుధవారానికి అయిపోతాది."

"అయితే బుధవారమే రా."

తిరిగొచ్చేసరికి ఇంట్లో మగ్గం లేదు. దాని కింద కాళ్లు పెట్టుకునే గుంత మిగిలింది. అప్పుడే ఎత్తుకుపోయారనుకుని గోడ పట్టుకుంది. అంతలో గుంతలోంచి వెంకటప్ప తల పైకి లేచింది, నోట్లో రెండు మేకులతో. చుట్టూ కట్టెల కుప్ప.

"ఏం జేసినావు చిన్నాయనా?"

"శబ్దం వస్తాండాది."

"నా కొంప కూల్చినావు. రెండు మూరలుండాదే ఇంకా."

"మూరలు యాడికీ పోవులే."

వాకిట్లో ట్రాలీ ఆగింది. ఫైనాన్సు కుర్రాడు కిరణ్ లోపలికొచ్చి కట్టెలనూ, చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మగ్గం యాడక్కా?"

సునంద కట్టెల వైపు వేలు చూపింది. వెంకటప్పే అందుకున్నాడు.

"అదే మగ్గం. ఎత్తుకపో. మళ్లీ బిగిస్తేనే ఎవరన్నా కొంటారు. బిగించేవాణ్ణి నేను. నాకేమో మోకాళ్ల నొప్పులు."

"ఎప్పటికి తగ్గుతాయి పెద్దాయనా?"

"గురువారానికి తగ్గొచ్చు."

కిరణ్ ఆఫీసుకు ఫోన్ చేసి, చెమట తుడుచుకుని, గురువారం వస్తానని పోయాడు.

ట్రాలీ మలుపు తిరగ్గానే మోకాళ్లు బాగైపోయాయి. వెంకటప్ప తన ఇంట్లోంచి తెల్ల పంచెలో చుట్టిన మూట తెచ్చాడు. పోగులు దూర్చిన పన్నెతో సహా పడుగూ, నేసిన చీరా చాపలా చుట్టి ఉన్నాయి. ఒక్క పోగు తెగలేదు. పొద్దు వాలేసరికి మగ్గం నిలబడింది.

"గురువారమని ఎట్ల చెప్పినావు చిన్నాయనా? బుధవారం చీర కోస్తానని నీకెవరు చెప్పినారు?"

"రెండు మూరలకు ఎన్ని పొద్దులు పడతాయో నాకు తెల్దా?"

"అయితే శబ్దం రాలేదన్నమాట."

"వచ్చింది. తెల్లార్తానే ఫోన్లో ఆ ఫైనాన్సువాళ్లను బతిమాలుకుంటాంటివే. గోడ దాటి మా ఇంట్లోకి వచ్చింది," అని పానాలు సంచిలో వేసుకున్నాడు.

గురువారం కిరణ్ రెండు కంతులూ తీసుకుని, రసీదు రాసిచ్చి, కదలకుండా నిలబడ్డాడు.

"ఇంకేం కావల్లప్పా?"

"ఆ పెద్దాయన ఉండాడా అక్కా? నా బండి సైలెన్సరు ఏందో తేడాగా మోగుతాంది."

"ఊర్లో లేడు," అంది సునంద గబగబా. ఆ కుర్రాడి మీద ఆమెకు నిజంగానే జాలి కలిగింది.

కానీ అప్పటికే వీధిలో బండి ఒక పక్కన, దాని ముందు చక్రం ఇంకో పక్కన ఉన్నాయి.