పోత నాదేనన్న మస్తాన్ సాయిబుగారు

మా గురువు మస్తాన్ సాయిబుగారు మొన్న మంగళవారం ఉదయం తెనాలి స్టేషన్‌లో, రేపల్లె బండి ఎక్కబోతూ కుప్పకూలి, ఆసుపత్రికి చేరకముందే కన్నుమూశారు. పాత సీసం కొనుక్కుని తిరిగి వస్తున్నారట. ముందురోజు సాయంత్రమే నాతో ఫోనులో, "బొగ్గులు తడవకుండా చూడు కరుణమ్మా, ఎల్లుండి పోత పెట్టుకుందాం" అన్న మనిషి! ఆ ఎల్లుండి నిన్ననే గడిచిపోయింది. ఈ దుర్వార్తను నా హృదయం ఇంకా అంగీకరించడం లేదు.

విసురువలల అంచుకు కట్టే సీసపు గుళ్లను రేపల్లెలోని తమ ఇంటి వసారాలో జీవితమంతా తపస్సులా పోసిన నిష్ఠాగరిష్ఠులాయన. పని నేర్చుకుంటానని నగరం నుంచి వెళ్లిన నన్ను, ఆడదానివి నీకెందుకని అడగలేదు. "అచ్చు తడిగా ఉంటే సీసం మొహాన చిమ్ముతుందమ్మా. ముందు ఆరబెట్టడం నేర్చుకో" అన్నారు. ప్రతి గుండునూ తూచేవారు. తక్కువ తూగితే మళ్లీ కరిగించేవారు. "నున్నగానే ఉంది కదండీ" అంటే, "లోపల బుడగుందమ్మా" అనేవారు.

ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే, పోతురాజు అనే జాలరికి గుళ్లు నేను పోశాను. తొందరలో సీసం బాగా కాగకముందే పోసి, తూచకుండా ఇచ్చేశాను. లేచాక మిగిలినవి తూచి ఆయన నిర్ఘాంతపోయారు. నన్ను వెంటబెట్టుకుని పోతురాజు ఊరికి బస్సెక్కారు. అప్పటికే పోతురాజు గుళ్లన్నీ వలకు కట్టేశాడు.

"పోనీలెండి సాయిబుగారూ, చేపకేం తెలుస్తుంది?"

"చేపకి తెలిసేది అదొక్కటే నాయనా. గుండు తేలికై అంచు లేచిన చోటినుంచే పోద్ది."

పోతురాజు భార్య నావైపు అనుమానంగా చూసింది. "పోత నాదేనమ్మా" అన్నారాయన. జ్వరం నీరసంతోనే పొద్దుగూకేదాకా తేలిక గుళ్లు వెతికి విప్పారు. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే, "మొదట్లోనే నీ పేరు పోతే ఇక నీ దగ్గరికెవరొస్తారు? నాకేమవుద్దిలే" అన్నారు.

మంగళవారం సాయంత్రం జనాజా వెంట నడిచి వచ్చిన పోతురాజుతో నిజం చెప్పేశాను. "ఆ పోత నాదన్నా."

"అవి ఆయన చేతివి కావని అప్పుడే తెలిసిందమ్మా. నాదేనని అంత పెద్దాయన అంటుంటే కాదని ఎట్టా అంటాను?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇన్నేళ్లలో ఆ మహోపకారానికి నేనొక్కసారైనా ఆయనకు కృతజ్ఞత చెప్పుకోలేదు. చెప్పడానికి ఎన్నో రోజులున్నాయనుకున్నాను. ఇప్పుడు వంగి నమస్కరిస్తున్నాను. "ఇదేంటమ్మా, లే" అనడానికి ఆయన లేరు.