సున్నం కింది అక్షరాలు

మా వదిన ముప్పయ్యేళ్లు బస్సుల్లో టికెట్ల తనిఖీ చేసింది. రిటైరైనా ఆ బుద్ధి పోలేదు మహాతల్లికి. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంటే, అందులో నిర్వాహకురాలై కూర్చుంది. అక్కడ ఎవరి డప్పు వాళ్లు కొట్టుకోకూడదు. రాసిన ప్రతి మాటకూ పుస్తకమో పత్రికో ఆధారం చూపాలి. చూపనివాళ్ల పేజీలు పీకి పారేయడం ఆవిడ పని. జీతం లేదు, భత్యం లేదు. అయినా మధ్యాహ్నం భోంచేసి కంప్యూటర్ ముందు కూర్చుందంటే, మా అన్నయ్య కాఫీ అడగడానికి కూడా జంకేవాడు.

"ఇంకో పెద్దమనిషి టికెట్ లేకుండా ఎక్కాడే," అనేది నాతో.

"దించెయ్ వదినా, ఆలస్యమెందుకు?" అనేదాన్ని. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం.

అలా ఎక్కినవాళ్లలో బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన ఉన్నాడు. తన మీద తనే పేజీ పెట్టుకున్నాడు. 'అక్షర చక్రవర్తి, కుంచె పడితే తిరుగులేని కళాకారుడు' అట! వదిన తీసేసింది. గొప్పలు కూడదు, ఆధారాలు కావాలి అని అందరికీ అతికించే వాక్యమే అతికించింది. ఆయన గొప్పలు కొంచెం తగ్గించి మళ్లీ పెట్టాడు. 'ఇప్పుడు సరిపోయిందా అమ్మా?' అని కింద అడిగాడు. మళ్లీ తీసేసింది. ఇలా అయిదుసార్లు. ఆరోసారి ఆవిడకు ఒళ్లు మండింది. పేజీ పేరు మాత్రం చూసి, లోపలేముందో చదవకుండానే తీసిపారేసి, ఆయన ఖాతా మూసేసింది.

నెల తర్వాత ఎవరో కొత్త ఖాతాతో అదే పేజీ పెట్టారు. చాలావరకు అవే మాటలు. ముసుగేసుకుని మళ్లీ వచ్చాడనుకుని వదిన ఆ ఖాతానూ రెండు నిమిషాల్లో మూసేసింది.

"నా దగ్గరా వేషాలు!" అంది. నేను చప్పట్లు కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

మర్నాడు వదినకు ఒక మెయిల్ వచ్చింది.

"మేడమ్, నేను ఆయన కూతుర్ని. నాన్న పోయి ఇరవై రోజులైంది. ఆసుపత్రి మంచం మీద కూడా మీ జవాబు వచ్చిందేమో ఫోన్లో చూడమనేవారు. ఆయన చెప్పినవి గుర్తున్నంత వరకు నేను రాశాను. పేజీ వద్దండీ. చివరిసారి నాన్న రాసుకున్నది మీ దగ్గరుంటే పంపండి, చాలు. ఊరందరి పేర్లూ రాశారు గానీ, తన గురించి రాసుకున్నది అదొక్కటే."

అక్కడ తీసేసిన పేజీ నిజంగా పోదు. లోకానికి కనబడదు గానీ నిర్వాహకులకు కనబడుతుంది. వదిన ఆ ఆరో పేజీ తెరిచింది. గొప్ప అన్నది ఒక్కటీ లేదు. ఆవిడ చెప్పినట్టే ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే ఆయనకు మిగిలినవి మూడు వాక్యాలు. బోర్డులు రాసేవాడు. నలభయ్యేళ్లు రాశాడు. బస్సు డిపో తనిఖీ గది గోడ మీద 'టికెట్ లేని ప్రయాణం నేరం' అని రాసింది తనే. దాని కింద, ఆధారం: ఆ గోడ.

వదిన ముఖం పాలిపోయింది.

"నా కుర్చీ వెనక గోడే, అమ్మాయ్. ముప్పయ్యేళ్లు బస్సు దిగి వచ్చి దాని కిందే కూర్చున్నాను. ఎవరు రాశారని ఒక్కనాడన్నా అడిగానా?"

ఆ మూడు వాక్యాలూ కూతురికి పంపింది, క్షమించమంది, తను మూసేసిన ఆ పిల్ల ఖాతాను మళ్లీ తెరిచింది. పేజీ మాత్రం తిరిగి పెట్టలేదు. నేను పోట్లాడాను.

"ఒక్క పేజీ ఉంటే కొంపలేం మునిగిపోవు వదినా!"

"ఈయన్ని ఎక్కించుకుంటే, ఇన్నాళ్లూ దించినవాళ్లకేం చెప్పను?" అంది.

అప్పట్నుంచి మనిషి మనిషిలో లేదు. మందుల షాపు ముందు ఆగిపోయేది, టైలర్ కొట్టు ముందు ఆగిపోయేది. బోర్డు వంక చూసి "ఇదీ ఆయనదేనేమో" అని గొణిగేది. కంప్యూటర్ తెరిస్తే ముందు ఆ తీసేసిన పేజీనే చూసేది. నాకు భయమేసేది.

మొన్నామధ్య నన్ను వెంటబెట్టుకుని డిపోకు వెళ్లింది, గోడ ఫోటో తీసి ఆ పిల్లకు పంపుదామని. తీరా చూస్తే గదికి కొత్తగా సున్నం కొట్టించారు. గోడంతా తెల్లగా ఉంది. వదినను కుర్చీలో కూర్చోబెట్టి, గాలి కోసం కిటికీ తెరిచాను. సాయంత్రపు ఎండ గోడ మీద ఏటవాలుగా పడింది. సున్నం కింద అక్షరాలు ఉబ్బెత్తుగా తేలాయి. మొదట 'టికెట్'. తర్వాత ఒక్కొక్కటే మిగతావి.

వదిన లేచి వెళ్లి ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆనించింది.

"సరిపోయిందయ్యా," అంది. "చివరిసారి సరిపోయింది. నేనే చదవలేదు."