సార్ తీయొద్దన్న చప్పుడు

నిన్న పొద్దున కరీంనగర్‌లో నా స్టూడియో షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. రాజేశం సార్ బిడ్డ విజయక్క.

"మీ సార్ పోయిండు తమ్మీ."

కట్ చేసింది.

షట్టర్ సగంలో వదిలేసి మెట్ల మీద కూలబడ్డాను. ఈ ఫోన్ ఏదో ఒకరోజు వస్తుందని తెలుసు.

రాజేశం సార్ నాకు టెన్త్‌లో తెలుగు చెప్పారు. రిటైర్ అయ్యాక ఆయనకు ఒకటే పిచ్చి. మాటల్లో అక్షరాలు ఏ ఊళ్లో ఎట్లా అరిగిపోతాయో వెతకడం.

మా కరీంనగర్ దిక్కు పల్లెల్లో "ఆన" కొడుతుంది. ఆదిలాబాద్ చేరేసరికి అది "వాన". మధ్యలో ఆ "వ" ఎక్కడ పోయింది?

దానికోసం ప్రతి ఆదివారం రికార్డర్ సంచిలో వేసుకుని బస్సెక్కేవారు.

ఫలానా మాట చెప్పమని ఎవరినీ అడిగేవారు కాదు. "అడిగితే బడి తెలుగు మాట్లాడుతరు తమ్మీ. జర ఓపిక పట్టాలె" అనేవారు. ఎవరో ముసలామె తనంతట తాను "వాన" అనేదాకా, పత్తి ధర నుంచి మోకాళ్ల నొప్పుల దాకా పొద్దంతా ముచ్చట పెట్టేవారు.

చివరికి ధర్మపురి అవతల ఒక ఊళ్లో లచ్చవ్వ దొరికింది. ఆమె నోట్లో "వ" ఉందంటే ఉంది, లేదంటే లేదు. సార్ బస్టాండ్ నుంచే ఫోన్ చేసి అరిచారు. "దొరికింది తమ్మీ! సగం అరిగిన వ దొరికింది!"

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

లచ్చవ్వ పక్కింట్లో మరమగ్గాలున్నాయి. సాంచెలంటాం. కంప్యూటర్‌లోకి ఎక్కించమని సార్ నాకిచ్చిన రికార్డింగ్ నిండా వాటి చప్పుడే. పెళ్లి వీడియోలు మిక్స్ చేసేవాణ్ణి కదా, సార్‌ను ఖుషీ చేద్దామని నాయిస్ రిమూవల్ కొట్టాను. ఫైల్ అద్దంలా వచ్చింది. పాతది డిలీట్ చేసి, కార్డు ఇంకో పెళ్లికి వాడేశాను.

సార్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నారు. మొహం మాడిపోయింది.

"అవ్వ వాన ఏది తమ్మీ?"

సాంచెలతో పాటు ఆ మెత్తటి "వ" కూడా పోయింది. సాఫ్ట్‌వేర్ దాన్నీ చెత్తే అనుకుంది. మిగిలింది మనందరి "ఆన".

మర్నాడే సార్ ఆ ఊరికి పోయారు. లచ్చవ్వ ఇంటి ముందు టెంట్ వేసి ఉంది. ఆమె పోయి నాలుగు రోజులైందట.

సార్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. రెండు తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆ వీధికే పోవడం మానేశాను.

పోయిన చలికాలం ఆయనకు పక్షవాతం. పెదవులు మూతపడవు. ప, బ, మ పలకవు. "బాపు" అనబోతే "వావు" వచ్చేది. విజయక్క ఫోన్‌లో ఇవన్నీ చెప్పి ఏడ్చేది. సార్ ఏమో ఎడమ చేత్తో వంకరటింకరగా, ఏ అక్షరం ఏ రోజు పోయిందో నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఇదేం మనిషి దేవుడా అనిపించేది.

పోయిన నెల నన్నే పిలిపించారు. రికార్డు చెయ్యమని సైగ. పైన ఫ్యాన్ కిర్రుమంటోంది, వంటింట్లో కుక్కర్ కూస్తోంది. ఫ్యాన్ ఆపడానికి లేస్తే చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనియ్. చవ్వుడు తియ్యకు తవ్వీ."

తర్వాత మెల్లగా "వాన" అన్నారు. చచ్చుబడ్డ పెదవి సగం దాకా వచ్చి ఆగింది.

అచ్చం లచ్చవ్వ.

"గిదే... అవ్వ వాన" అన్నారు. నవ్వుతున్నారు, కళ్లు కారిపోతున్నాయి.

"మాఫ్ చెయ్యుండ్రి సారూ" అని అప్పుడు అనగలిగాను. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

నిన్న గోదావరి ఒడ్డున మిమ్మల్ని సాగనంపి వచ్చి తడి బట్టలతోనే ఆ ఫైల్ పెట్టుకున్నాను. ఫ్యాన్ ఉంది. కుక్కర్ ఉంది. మీరున్నారు.

ఏ చప్పుడూ తియ్యలే సారూ. ఫికర్ పెట్టుకోకుండ్రి.

నిమ్మళంగ పండుకోండ్రి. మీ పానం సల్లగుండాలె.