జర మంచినీళ్ళియ్యమ్మా

ఇవాళ పొద్దున నల్లా తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. మా ఎల్బీ నగర్ కాలనీకి రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు అవి. మా ఆవిడ ముక్కు మూసుకుని, "ఈ నీళ్ళతో కాఫీ ఎలా పెట్టమంటారు?" అంది. నేను మాత్రం బకెట్ మీదికి వంగి, మల్లెపూల బుట్ట ఎదురైనవాడిలా గుండెల నిండా పీల్చుకున్నాను. "బ్లీచింగ్ వాసనకి మురిసిపోయే మగాణ్ణి మిమ్మల్నే చూశాను" అంటూ ఆవిడ గిన్నెను ఠపీమని పొయ్యి మీద పెట్టింది. ఆమె విసుగులో న్యాయం ఉంది. కానీ ఆ ఘాటు మిగిలి ఉందంటే, దారిలో ఎక్కడా మురుగు ఆ మందును మింగెయ్యలేదని నాకో ధైర్యం. ఆ ధైర్యాన్ని నాకు అంటించిన మనిషి ప్రమీల మేడమ్. ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా వచ్చేది గౌరవం కాదు, విసుగు. గౌరవం ఆ వెనకాలే, మెట్లెక్కలేక ఆయాసపడుతూ వస్తుంది.

పండ్ల మార్కెట్ ఇంకా కొత్తపేటలోనే ఉన్న రోజుల్లో, అక్కడొక మిఠాయి దుకాణం పైఅంతస్తులో చిన్న ప్రైవేటు ల్యాబ్ ఉండేది. నీళ్ళు పరీక్ష చేసి, తాగవచ్చో లేదో చెప్పడం మా పని. గుంటూరు నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా చంకలో పెట్టుకుని వచ్చి చేరాను. నీళ్ళు పరీక్షించే ఉద్యోగం దొరికిందని ఫోన్ చేస్తే మా నాన్న, "అయితే చదువు నీళ్ళపాలయిందన్నమాట" అన్నారు. ప్రమీల మేడమ్ అక్కడ సీనియర్ ఎనలిస్టు. కొత్తపేట పాత ఊరి మనిషి. వాళ్ళ పొలాల మీద లేచిన మేడల్లో కొన్ని వాళ్ళవే. కాలు మీద కాలేసుకుని బతకవచ్చు. మరి ఈ ఉద్యోగం ఎందుకని అడిగితే, "ఇంట్ల కూసుంటే కిరాయిదారులతోని లొల్లి. ఈడ మాలికుతోని లొల్లి. ఈడ జీతమన్న ఇస్తరు" అనేవారు.

ఆ యజమానితో లొల్లికి మూలం సీసాలు. బయటినుంచి ఎవరు నింపి తెచ్చిన సీసానైనా మేడమ్ ముట్టేవారు కాదు. జనం ఎందులో పడితే అందులో తెచ్చేవారు: కూల్‌డ్రింకు సీసా, తేనె సీసా, ఒకాయనైతే కడిగిన ఫినాయిల్ డబ్బా. ఒకసారి వనస్థలిపురం నుంచి ఓ పెద్దాయన స్కూటర్ మీద స్టీలు క్యాను తెచ్చి, బల్ల మీద పెట్టి, "పరీక్షకి కదండీ, రెండుసార్లు కాచి, చల్లార్చి, వడగట్టి మరీ తెచ్చాను" అన్నారు గర్వంగా. మేడమ్ మూత తీసి చూశారు.

"మంచిగ చేసిన్రు సార్. పెండ్లిచూపులకు పిల్లను తయారు చేసినట్టు చేసిన్రు. గివి ఇంటికి తీస్కపోయి మీరే తాగున్రి. రేపు పొద్దుగాల మేమే ఒస్తం. ముఖం కడగని పిల్లను సూస్తం."

ఆయనకు కోపం వచ్చింది. ఇంటికొచ్చిన గిరాకీని తిప్పి పంపుతున్నందుకు మా యజమానికి అంతకన్నా కోపం వచ్చింది. అందరికన్నా ఎక్కువ కోపం నాకు వచ్చింది. ఎందుకంటే మర్నాడు ఐసు పెట్టె భుజాన వేసుకుని, ఎండలో ఆవిడ వెనక నడవాల్సింది నేను.

ఆ నడక కన్నా పెద్ద శిక్ష ఇంకొకటి ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్‌స్టాండ్ వెనక గల్లీలో ఒక ఇంటికి వెళ్ళాం. సోఫాలో కూర్చోగానే మేడమ్, "జర మంచినీళ్ళియ్యమ్మా, దూపైతుంది" అన్నారు. ఆ ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళింది. ఆమె వెనకాలే మేడమ్ కూడా లేచి, చెప్పాపెట్టకుండా, తన పుట్టింట్లో తిరిగినంత ధీమాగా వంటింట్లోకి వెళ్ళిపోయారు. ముందుగదిలో నేను, ఆ ఇంటాయన, గోడమీది క్యాలెండరు మిగిలాం. ఆయన నన్ను చూశాడు. నేను క్యాలెండరును చూశాను. నీళ్ళు నమలడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నీళ్ళు అడగడం ఆవిడ విద్య.

వీధిలోకి రాగానే నిలదీశాను. "ఏంటండీ మేడమ్ ఇది? పరాయివాళ్ళ వంటింట్లోకి అలా వెళ్ళిపోతే ఏమనుకుంటారు?"

"ఏ నీళ్ళు తాగుతరమ్మా అని అడిగితే ఏం చెప్పేటిది?"

"ఫిల్టర్ నీళ్ళని."

"ఆఁ. నాకు గిలాస గూడ ఫిల్టర్ కిందనే పెట్టింది. చుట్టమొస్తే చెయ్యి గట్లనే పోతది. గప్పుడే కొడుకు 'మమ్మీ, ట్యూషన్‌కు లేటయితుంది' అన్నడు. వాని బాటిల్ నల్లా కింద పెట్టింది. ఫిల్టర్ల సన్నగ ఒస్తయి కద, ఎవరాగుతరు? నోరు చెప్పేది నాకొద్దు తమ్మీ. చెయ్యి ఎటు పోతదో గది గావాలె. నేను గా నల్లా నీళ్ళే పట్టిన."

నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆవిణ్ణి క్షమించానని కాదు. ఆ తర్వాత ఎన్నో ఇళ్ళలో ఎన్నో క్యాలెండర్లు చూశాను. తిథి, నక్షత్రం, రాహుకాలం నోటికి వచ్చేశాయి. ఉద్యోగం పోతే జాతకాలు చెప్పుకుని బతకగలననే భరోసా మాత్రం చిక్కింది.

ఇంతలో మన్సూరాబాద్ అపార్ట్‌మెంటు వ్యవహారం వచ్చిపడింది. అక్కడ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాంతులు, విరేచనాలతో దవాఖాన పాలవుతున్నారు. అసోసియేషన్ సెక్రటరీ గారు మా జిల్లా వైపు నుంచే వచ్చి స్థిరపడిన రిటైర్డు ఉద్యోగి. మేం వెళ్ళేసరికి సెల్లార్‌లో బల్లవేసి, ఒక్కో ఫ్లాట్ నంబరు అంటించిన సీసాలు వరసగా పెట్టించారు. "మీకెందుకు శ్రమని మేమే పట్టించి ఉంచామండీ" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు. అన్ని ఫ్లాట్లకూ నీళ్ళెక్కే సంపు పక్కనే వాచ్‌మన్ గది. అతని భార్య మరియమ్మ ఆ సంపు పక్కనే గిన్నెలు తోముతుంది, బట్టలుతుకుతుంది. జబ్బుపడ్డ పిల్లలందరూ కింద ఆడుకుంటూ ఆమె దగ్గరే నీళ్ళు తాగారు. "దోషం ఎక్కడుందో తెలిసిపోతూనే ఉంది కదండీ. ఆదివారం మీటింగు. మీ రిపోర్టు ఒక్కటి చేతికొస్తే వాళ్ళని పంపించేస్తాం. గది ఖాళీ చెయ్యమని చెప్పేశాను కూడా."

గది గుమ్మంలో మరియమ్మ నిలబడి వింటోంది. వెనక సగం కట్టిన మూటలు. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఇద్దరు పిల్లలు ఆ సందు చివరి బడిలోనే చదువుతున్నారు. గది పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఆ బడి పోతుంది.

"పొల్లగాండ్లు ఆడి ఆడి దూపకొస్తరమ్మా," అంది ఆమె మేడమ్‌తో. "నీళ్ళడిగితే లేవనాల్నా? మీ ఇంట్ల అయితే అంటరా?"

"అనను," అన్నారు మేడమ్. "నాకు గూడ జరిన్నియ్యి." యథాప్రకారం ఆమె వెనకాలే గదిలోకి వెళ్ళారు. అక్కడ ఫిల్టర్ లేదు. సంపు నుంచి వచ్చే నల్లా, దాని కింద బిందె, అంతే. ఆ నీళ్ళు పట్టాం. తర్వాత సెక్రటరీ గారి సీసాలను బల్లమీదే వదిలేసి మేడమ్ మెట్లెక్కడం మొదలుపెట్టారు. లిఫ్టు పాడైంది. ప్రతి అంతస్తులో ప్రతి ఇంట్లో "జర మంచినీళ్ళియ్యమ్మా", ప్రతి ఇంట్లో చెయ్యి ఫిల్టర్ వైపు, ప్రతి ఇంట్లో మేడమ్ "అది కాదమ్మా, గీ నల్లాది పట్టుకుంట" అనడం, మూతికంటిన క్రిములు చచ్చేలా నేను స్పిరిట్ మంటతో నల్లాను కాల్చడం. ఒక ముసలావిడ దిష్టి తీస్తున్నాననుకుని దణ్ణం కూడా పెట్టింది. చివరికి కిందికి దిగి, సంపులోకి పడేముందు మున్సిపల్ పైపు నీళ్ళు, సంపులోని నీళ్ళు విడివిడిగా పట్టాం. క్లోరిన్ చూసే మాత్ర వేస్తే పైపు నీళ్ళు గులాబీ రంగు తిరిగాయి. అంటే క్లోరిన్ ఉంది. సంపు నీళ్ళు ఎంత ఊపినా రంగు మారలేదు. సంపు గోడకు చెయ్యి చాపితే తగిలేంత దూరంలో డ్రైనేజీ చాంబరు మూత ఉంది. కార్లకు చోటు చాలడం లేదని ఈమధ్యే అసోసియేషన్ దాన్ని అక్కడికి జరిపించిందట.

మా పరీక్షలో ఒక గొట్టం లోపల తలకిందులుగా ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. నీళ్ళలో మురుగు క్రిములుంటే అవి పెరిగి గాలి వదులుతాయి. ఆ చిన్న గొట్టంలో బుడగ నిలుస్తుంది. లోకంలో బుడగ పేలితే ఏడుస్తారు. మా లోకంలో బుడగ నిలిస్తే ఏడవాలి. మున్సిపల్ పైపు గొట్టాల్లో బుడగ లేదు. మిగతా అన్నింట్లో ఉంది. ఖాయం చేసుకునే పరీక్ష కూడా అదే చెప్పింది.

శనివారం మా యజమాని నన్ను పిలిచి, సెక్రటరీ గారు ఫోన్ చేశారని, వాచ్‌మన్ నల్లా ఫలితం ఒక్కటీ ఇస్తే ఆయనకు చాలని చెప్పారు. "అబద్ధం కాదు కదయ్యా. ఆ నీళ్ళు బాగా లేవు, నిజమేగా?" నేను అలవాటు ప్రకారం నీళ్ళు నమిలాను. మేడమ్ లోపలినుంచే, "సగం నిజం ఇయ్యాల్నంటే నేను పోయినంక ఇయ్యున్రి" అన్నారు.

ఆదివారం మీటింగులో మేడమ్ పేర్లు పైకి కనబడని గొట్టాలు కొన్ని స్టాండులో పెట్టి సెక్రటరీ గారి ముందుకు జరిపారు. "సార్, బుడగున్నది చెడ్డ నీళ్ళు. మరియమ్మవి ఏవో మీరే తియ్యున్రి." ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, బుడగ బాగా పెద్దగా ఉన్నదాన్ని నమ్మకంగా తీశారు. మేడమ్ దాని అడుగున అంటించిన చిన్న కాగితం చూపించారు. అది ఆయన ఫ్లాటే. ఒక్కొక్కటీ తిప్పి చూపిస్తూ, చాంబరు మురుగు సంపులోకి ఊరుతోందని చెప్పారు. "మీ అందరివీ గివే నీళ్ళు. మీకు ఫిల్టర్ ఉన్నది, ఆమెకు లేదు. గంతే."

ఇక్కడితో కథ కంచికి వెళ్ళాలి. వెళ్ళలేదు. చాంబరు మళ్ళీ జరిపితే కారు ఎక్కడ పెట్టుకోవాలని ఒకాయన లేచారు. అందరికీ ఫిల్టర్లుండగా తవ్వకాలెందుకు, వాచ్‌మన్‌ని మార్చేస్తే పిల్లలు కింద తాగడం మానేస్తారు కదా అని ఇంకొకాయన. చర్చ తిరిగి తిరిగి మరియమ్మ మూటల దగ్గరికే వచ్చింది. నాకు ఆకలేస్తోంది, ఆదివారం నీరుగారిపోతోంది. మేడమ్ చెవిలో అన్నాను.

"మన పనైపోయింది కదండీ. రిపోర్టు ఇచ్చేశాం. వెళ్దాం."

"నీళ్ళు మంచిగయినయా?"

"ఇంకా లేదు."

"మరి పని ఎట్లయింది?"

కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు. ఎవరైనా "ఇంకేమైనా ఉందా మేడమ్?" అని అడిగితే, "ఏం లేదు, కూసుంట" అనేవారు. ఆవిడ కోపగించలేదు, వాదించలేదు. ఇంటికొచ్చి ఎంతకీ లేవని చుట్టంలా కూర్చున్నారు. ఆవిడ ముందు మరియమ్మను పంపించే మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రావడంలేదు. మధ్యలో ఒకే ఒక్కసారి, ఎదురుగా కూర్చున్న మూడో అంతస్తు అమ్మాయిని, "కూరగాయలు ఏ నీళ్ళతోని కడుగుతవు బిడ్డా?" అని అడిగారు. ఆ అమ్మాయి, "ట్యాప్ నీళ్ళే... మా పాప పళ్ళు తోముకునేది కూడా..." అని, భర్త వైపు తిరిగి, "కారు రోడ్డు మీద పెట్టుకోండి" అంది గట్టిగా. ఆ తర్వాత ఆడవాళ్ళంతా ఒకేసారి మాట్లాడారు. సెక్రటరీ గారు చేతులెత్తి, "సరేనండీ, తవ్విద్దాం. మరియమ్మా, మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు" అన్నారు. ఆయన మేస్త్రీకి ఫోన్ చేసి, రేపు రమ్మని చెప్పేదాకా మేడమ్ లేవలేదు.

మరియమ్మ కృతజ్ఞతలేవీ చెప్పలేదు. "కట్టుమంటిరి, ఇప్పుమంటిరి, నా నడుము పోయింది" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది. గిన్నెలు బయటికి తీస్తున్న చప్పుడు సెల్లారంతా వినబడింది.

మేడమ్ ఇప్పుడు లేరు. పోయినప్పుడు కొత్తపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరో నా చేతికి గ్లాసుడు నీళ్ళిచ్చారు. కన్నీళ్ళు రావాల్సిన కళ్ళు, సిగ్గులేకుండా, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి పట్టారా అని వెతికాయి.

ఇప్పుడు నేను వేరే ల్యాబ్‌లో సీనియర్‌ని. పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే ఒక హాస్టల్ నీళ్ళలో బుడగలొచ్చాయి. ఫలితం చేతికిచ్చి, ట్యాంకు ఖాళీ చేయించి పైపు మార్పించమంటే, హాస్టల్ యజమాని "చూద్దాం సార్, వచ్చేవారం" అన్నాడు. పైన పిల్లలు భోజనానికి దిగుతున్న చప్పుడు. ప్లేట్ల పక్కన అవే నీళ్ళ జగ్గులు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాతో వచ్చిన కొత్తమ్మాయి సిగ్గుతో చచ్చిపోతూ, "సర్, రిపోర్ట్ ఇచ్చేశాం కదా సర్, పోదాం ప్లీజ్" అంది చెవిలో. గోడమీది క్యాలెండరు తప్ప ఆ అమ్మాయికి చూడ్డానికి ఏమీ లేదు.

"ఇంకేమైనా కావాలా సార్?" అన్నాడతను.

"ఏమొద్దండీ. కూర్చుంటాను."

అతను విసుగ్గా ఫోన్ తీశాడు. ప్లంబరు నంబరు వెతుకుతున్నాడో, నన్ను లేపించడానికి ఎవర్నైనా పిలుస్తున్నాడో తెలియలేదు. నేను కుర్చీని అతని బల్ల దగ్గరికి ఇంకొంచెం జరుపుకున్నాను.